యేసుదాసు ఉన్న కాలంలోనే జయచంద్రన్ గొంతుకు చోటు ఎలా దొరికింది?

ఉప్పాడ తీరం:

అందరికీ నమస్కారం. నేను కొచ్చిలో కాక్కనాడ్ వైపు ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. మా టీమ్‌లో ఒకాయన పని చేస్తూ పాత మలయాళం పాటలు సన్నగా పెట్టుకుంటారు. ఈమధ్య వాటిలో ఒక గొంతు బాగా తెలిసినట్టే అనిపించి ఎవరని అడిగితే పి. జయచంద్రన్ అన్నారు. వెతికి చూస్తే ‘నువ్వే కావాలి’లో చిత్ర గారితో కలిసి ‘అనగనగా ఆకాశం ఉంది’ పాడింది ఆయనే! ఆ పాట నాకు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు. మా ఇంట్లో దాన్ని ఇష్టపడనివాళ్లు లేరు. పాడినాయన పేరు మాత్రం మా ఊళ్లో ఎవరూ అనగా వినలేదు.

మలయాళం పాట అంటే మన వైపు యేసుదాసు గారే గుర్తొస్తారు. ఇక్కడ ఆఫీసులో జయచంద్రన్ పేరెత్తితే మాత్రం పెద్దవాళ్లే కాదు, నా వయసువాళ్లు కూడా ఇంటి మనిషి గురించి చెప్పినట్టు చెబుతారు. ఆయన 2025 జనవరిలో పోయినప్పుడు ఈ ఆఫీసులో కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు ఉన్నారట.

నేను అడగాలనుకున్నది ఇదీ. అంత పెద్ద గాయకుడు పక్కనే ఉండగా ఈయనకు చోటు ఎలా దొరికింది? ఇన్నేళ్లు ఎలా నిలబడ్డారు? వినడం ఎక్కడ మొదలుపెట్టమంటారు? మలయాళం వింటే సగం అర్థమవుతుంది, చదవడం ఇంకా రాదు.

పాతపాటల పెట్టె:

మంచి ప్రశ్న. ‘నువ్వే కావాలి’ 2000లో వచ్చింది. దాని మూలం 1999లో కమల్ అనే మలయాళ దర్శకుడు (కమల్ హాసన్ కాదు) తీసిన ‘నిరం’. అందులో జయచంద్రన్, సుజాత పాడిన ‘ప్రాయం నమ్మిల్’ ఉంది, ముందు అది వినండి. ఆ పాటకు ఆయనకు కేరళ రాష్ట్ర ప్రభుత్వ అవార్డు వచ్చింది. మలయాళంలో సంగీతం విద్యాసాగర్, తెలుగులో కోటి. అప్పటికి జయచంద్రన్‌కు 55 ఏళ్లు. తెర మీద పాడుతున్నది కాలేజీ కుర్రాడు!

మిగతాది గంటస్తంభం గారు చెబితేనే బాగుంటుంది. ఆయన ఉద్యోగరీత్యా త్రిశూర్‌లో చాలాకాలం ఉన్నారు.

గంటస్తంభం:

పిలిచినందుకు సంతోషం. శ్రద్ధగా అడిగారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మాది విజయనగరం. రైల్వేలో ఉద్యోగం, అందులో మంచి కాలమంతా త్రిశూర్‌లో గడిచింది. అక్కడ అద్దెకున్న ఇంటి పక్కనే చిన్న గుడి. వృశ్చిక మాసం (నవంబరు నడిమి నుంచి) మొదలైతే తెల్లవారకముందే మైకులో పాటలు. నేను జయచంద్రన్‌ను మొదట విన్నది ఆ మైకులోనే, సినిమా పాటలో కాదు. ‘పుష్పాంజలి’ అని భక్తిపాటల క్యాసెట్టు ఉంది, కేరళలో అది వినని గుడి ఉండదేమో. మాట ఒక్కటి కూడా తెలియని రోజుల్లో కూడా ఆ గొంతు వింటుంటే ఎవరో పక్కన కూర్చుని నాతోనే మాట్లాడుతున్నట్టు ఉండేది. మీ ప్రశ్నకు నా జవాబు అక్కడే ఉంది. ఆయన పాటను మాట్లాడినట్టు పాడతారు. అదే ఆయన చోటు.

పుట్టింది 1944లో, ఎర్ణాకుళం రవిపురంలో. తండ్రి కొచ్చి రాజవంశానికి చెందినవారు, తల్లిది చేందమంగళంలోని పాలియం ఇల్లు. పెరిగింది, చదివింది ఇరింజాలకుడలో. అక్కడి క్రైస్ట్ కాలేజీలో జంతుశాస్త్రం డిగ్రీ. త్రిశూర్ నుంచి ఇరింజాలకుడ చాలా దగ్గర, అక్కడివాళ్లు ఇప్పటికీ ఆయన్ని తమ ఊరివాడనే చెప్పుకుంటారు.

చిన్నతనంలో నేర్చుకున్నది గాత్రం కాదు, మృదంగం. ఇది గుర్తుపెట్టుకోండి. 1958లో కేరళ పాఠశాలల యువజనోత్సవంలో మృదంగంలో మొదటి బహుమతి జయచంద్రన్‌కు, శాస్త్రీయ గాత్రంలో మొదటి బహుమతి యేసుదాసుకు వచ్చాయి. అదే వేదిక మీద యేసుదాసు పాడుతుంటే జయచంద్రన్ మృదంగం వాయించారు. ఆ ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది, ఇద్దరూ బడి పిల్లలే. జయచంద్రన్ అన్నయ్య సుధాకరన్ యేసుదాసుకు స్నేహితుడు కూడా. కాబట్టి ఇద్దరూ పోటీదారులని అనుకుని వినడం మొదలుపెట్టకండి.

డిగ్రీ అయ్యాక మద్రాసు వెళ్లి ఒక కంపెనీలో ఉద్యోగంలో చేరారు. ఆ రోజుల్లో మలయాళ సినిమా షూటింగు కేరళలో జరిగినా పాట రికార్డయ్యేది మద్రాసులోనే. మనవాళ్ల పాటలూ అక్కడే కదా. అక్కడ ఒక కచేరీలో ఈయన పాట విని సినిమావాళ్లు పిలిచారు. మొదట పాడింది ‘కుంజాలి మరక్కార్’ కోసం, 1965లో. జనం నోట పడింది మాత్రం 1966లో వచ్చిన ‘కళిత్తోళన్’లోని ‘మంజలయిల్ ముంగితోర్త్తి’. రచన పి. భాస్కరన్, సంగీతం జి. దేవరాజన్.

ఆ పాట వెనక ఒక కథ ఉంది, కేరళలో అందరూ చెబుతారు. దేవరాజన్ మాస్టారు చాలా కఠినమైన మనిషి. ఈయనకు వేరే పాట ఇచ్చి, దానితో పాటు ‘మంజలయిల్’ కూడా సాధన చెయ్యమన్నారు. అది యేసుదాసు పాడబోయే పాటే అని ఈయన అనుకున్నారు. తీరా చూస్తే మాస్టారు దాన్ని ఈయన చేతే పాడించారు. అప్పట్లో గాయకుడు, వాద్యబృందం అంతా కలిసి ఒకేసారి రికార్డు చేయాలి. ఎవరు తప్పినా మళ్లీ మొదటి నుంచే. కొత్త కుర్రాడికి ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో! పాట వింటే ఆ టెన్షన్ ఎక్కడా కనిపించదు. ధనుమాసపు వెన్నెల వచ్చింది, నువ్వు మాత్రం రాలేదు అని పాట. ఏడుపు లేదు, గొంతు బిగించడం లేదు. ఎదురుచూసి అలసినవాడు తనలో తాను అనుకున్నట్టు ఉంటుంది.

ఆ తర్వాత వరుసగా వచ్చాయి. బాబురాజ్ సంగీతంలో ‘అనురాగగానం పోలె’ (1967), రాఘవన్ మాస్టారి ‘కరిముకిల్ కాట్టిలె’ (1969), పుకళేంది చేసిన ‘హర్షబాష్పం తూకి’ (1971). ఈ మూడోది మీరు మలయాళం రాకపోయినా సగానికి పైగా అర్థం చేసుకుంటారు, అన్నీ మనకు తెలిసిన సంస్కృత పదాలే. ఎం.ఎస్. విశ్వనాథన్ సంగీతంలో ‘పణితీరాత్త వీడు’లో పాడిన ‘నీలగిరియుడె సఖికళే’కు 1972 రాష్ట్ర అవార్డు. 1978లో ‘బంధనం’లోని ‘రాగం శ్రీరాగం’కు మళ్లీ అవార్డు. దాన్ని చేసింది చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్. అది రాగమాలిక, అంటే ఒకే పాటలో వరుసగా రాగాలు మారతాయి. గాత్రం పద్ధతిగా నేర్చుకోలేదని తన గురించి తానే చెప్పుకున్న మనిషికి రాగమాలిక మీద అవార్డు! ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

జాతీయ అవార్డు ‘శ్రీ నారాయణ గురు’ చిత్రంలోని ‘శివశంకర సర్వ శరణ్య విభో’కు వచ్చింది, 1985 సంవత్సరానికి. సాహిత్యం కేరళ సంఘ సంస్కర్త నారాయణ గురువు స్వయంగా రాసిన స్తోత్రం, సంగీతం దేవరాజన్ మాస్టారే. చేయి పట్టుకుని తెచ్చిన గురువు చేతుల మీదుగా ఇరవై ఏళ్ల తర్వాత ఆ గౌరవం దక్కింది.

తమిళంలో ఇళయరాజాకు ‘రాసాత్తి ఉన్నె’ (1984) పాడారు. తర్వాత రెహమాన్ ‘కిళక్కు చీమయిలే’లో జానకమ్మతో ‘కత్తాళం కాట్టు వళి’ పాడించారు. అవి మీకు సులువుగా దొరుకుతాయి.

హంసధ్వని:

గంటస్తంభం గారి అభిమానం అర్థమవుతోంది కానీ యేసుదాసు గారితో ఒకే వాక్యంలో పెట్టడం నాకు సరిగా అనిపించడం లేదు. ఆయన కచేరీ విద్వాంసుడు, ఎనిమిది జాతీయ అవార్డులు, అన్ని భాషల్లోనూ శిఖరం. జయచంద్రన్‌ది మంచి మెలోడీ గొంతు, అంతవరకే. పైగా మధ్యలో చాలా ఏళ్లు మలయాళంలోనే ఆయన పాట పెద్దగా వినపడలేదు కదా?

గంటస్తంభం:

హంసధ్వని గారూ, యేసుదాసు గారి గొప్పతనం మీద నాకు రవ్వంత సందేహం లేదు. ఆయన ‘హరివరాసనం’ విని నిద్రపోయిన రాత్రులు నాకూ ఉన్నాయి. అయినా సినిమా పాటకు కచేరీ కొలత ఒక్కటే పెడితే మన ఘంటసాల గారి పక్కన ఎ.ఎం. రాజా గారికి చోటే ఉండదు. ఆయన మృదువైన గొంతును మనం వదులుకోలేదే!

మధ్యలో విరామం వచ్చిన మాట నిజం. 80ల చివర, 90ల్లో మలయాళంలో ఆయనకు సినిమా పాటలు బాగా తగ్గాయి. ఎం.జి. శ్రీకుమార్, వేణుగోపాల్ వంటి కొత్తవాళ్లు వచ్చారు, పాటల తీరు మారింది. నేను త్రిశూర్‌లో ఉన్నది ఆ రోజుల్లోనే. జనం మాత్రం ఆయన్ని వదల్లేదు. మా స్టేషన్ బయట టీ కొట్టు చేట్టన్ (అక్కడ ‘అన్న’ అని పిలుపు) ఆకాశవాణి త్రిశూర్ పెట్టేవాడు. జయచంద్రన్ పాట వస్తే గ్లాసులు కడగడం ఆపి వాల్యూమ్ పెంచేవాడు. ఎవరు ఎంత తొందరలో ఉన్నా పాట అయ్యేదాకా టీ రాదు. అడిగితే ‘ఇది నా పెళ్లయిన కొత్తలో పాట’ అనేవాడు. ప్రతి పాటకూ ఆ మాటే అనేవాడు, ఆ మొహంలో సంతోషం మాత్రం ప్రతిసారీ కొత్తదే.

ఆ విరామాన్ని తెంచింది ఎవరో చూడండి. విద్యాసాగర్! మా విజయనగరంవాడు. మలయాళంలో ‘అళగియ రావణన్’తో 1996లో అడుగుపెట్టి, మూడేళ్లకు ‘నిరం’లో ఈ 55 ఏళ్ల గొంతును కుర్ర హీరోకి పెట్టారు. అవకాశాలు తగ్గిన గాయకుడికి జాలిపడి ఇచ్చిన పాట కాదది. ఆ బాణీకి ఆ గొంతే కావాలని ఎంచుకున్నారని పాట వింటే తెలుస్తుంది. తర్వాత ‘దేవదూతన్’లో ‘పూవే పూవే పాలప్పూవే’, ‘చంద్రోల్సవం’లో ‘ఆరారుం కాణాతె’ కూడా ఈ జోడీవే. ఇటు ‘రావణప్రభు’లో మోహన్‌లాల్‌కు ‘అరియాతె అరియాతె’ పాడారు, చిత్ర గారితో. 2015కు మళ్లీ రాష్ట్ర అవార్డు, మొత్తం మీద అయిదోసారి. దానికి కారణమైన పాటల్లో ‘ఎన్ను నింటె మొయిదీన్’లోని ‘శారదాంబరం’ ఉంది, విద్యాసాగర్ చేసిన ‘మలర్వాక కొంబత్తె’ కూడా ఉంది. డెబ్బై దాటిన మనిషి ఆ పాటల్లో ఎక్కడైనా ఆయాసపడినట్టు వినిపిస్తే చెప్పండి.

అవకాశాలు తగ్గాయని ఆయన గొంతు మార్చుకోలేదు, ఇంకొకరిలా పాడే ప్రయత్నమూ చేయలేదు. ఆ కాలంలో చాలామంది కుర్రగాయకులు యేసుదాసు గారిని అనుకరించి మరుగున పడ్డారు. ఈయన తన పద్ధతిలోనే ఉన్నారు. నచ్చని పాటను నచ్చలేదని మొహం మీదే చెప్పే మనిషి అని కూడా పేరు. అందుకే పిలుపు మళ్లీ వచ్చినప్పుడు పిలిచినవాళ్లకు కావలసిన గొంతు చెక్కుచెదరకుండా అక్కడే ఉంది.

చాపుతాళం:

నేను మృదంగం నేర్చుకుంటున్నాను, కాబట్టి ఆ ఒక్క విషయం మీద రెండు మాటలు. జయచంద్రన్ పాటల్లో తాళం వేస్తూ వినండి. చాలాచోట్ల మాటను కాస్త ఆలస్యంగా అందుకుంటారు, అయినా సమానికి, అంటే తాళం మొదలయ్యే దెబ్బకు, సరిగ్గా వచ్చి కూర్చుంటారు. లయ ఒంట్లో ఉన్నవాళ్లకే అంత నిదానం వస్తుంది. లెక్క గురించి భయం ఉన్న గాయకుడు ప్రతి మాటనూ దెబ్బ మీదే పడేస్తాడు. గంటస్తంభం గారు ‘మాట్లాడినట్టు పాడతారు’ అన్నది నా చెవికి ఇలా అందింది. మా మాస్టారు కూడా పాట పాడే విద్యార్థులను ముందు ఏడాదిపాటు మృదంగం తరగతిలో కూర్చోబెడతారు.

ఉప్పాడ తీరం:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. నిన్నా ఇవాళా బస్సులో ఇవే విన్నాను. ‘హర్షబాష్పం తూకి’ నిజంగానే అర్థమైంది! మా టీమ్ ఆయన ‘ఓలంజాలి కురువి’ కూడా పంపారు, 2014లో ‘1983’ అనే సినిమాలోది, వాణీ జయరాం గారితో. ఇద్దరూ డెబ్బైకి దగ్గరపడిన వయసులో పాడారంటే నమ్మలేకపోయాను. అందులో వాణి గారి గొంతు ముందుకు వచ్చినప్పుడు ఈయన ఎంత తగ్గి పాడతారో! పక్కవాళ్లకు చోటిచ్చే పాడటం అది. నాకు అన్నిటికన్నా అదే నచ్చింది.

ఇంకో సందేహం. జయచంద్రన్‌కు సుశీలమ్మ అంటే ప్రాణమని ఇక్కడ ఒకరు అన్నారు. నిజమేనా?

గంటస్తంభం:

నిజమే. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అడిగారు.

రఫీ, సుశీలమ్మ. ఎక్కడ మాట్లాడినా ఈ రెండు పేర్లు ఆయన నోట వచ్చేవి. మర్యాద కోసం చెప్పిన పేర్లు కావవి, సుశీలమ్మ పాట ప్రస్తావన వస్తే పల్లవి అక్కడికక్కడే అందుకునేవారు. ఆమె 1960లో ‘సీత’ చిత్రంలో దక్షిణామూర్తి గారి సంగీతంలో ‘పాట్టు పాడి ఉరక్కాం ఞాన్’ అనే జోలపాట పాడి మలయాళంలోకి వచ్చారు. ఆ పాట అక్కడ ఇప్పటికీ తల్లులు పాడుకుంటారు. మా ఇంటి ఓనరు చేచ్చి (అంటే అక్క) తన మనవరాలిని దానితోనే నిద్రపుచ్చేది. ఆ పాడినామె మా ఊరి ఆడపడుచు అని నేను చెబితే మొదట నమ్మలేదు. ఆ తర్వాత నా మీద ఆవిడకు గౌరవం పెరిగిపోయింది, ఆ పాటతో నాకు ఏ సంబంధమూ లేకపోయినా!

అసలు మలయాళ సినిమా పాటకు మనవాళ్లు ఇచ్చింది తక్కువ కాదు. జానకమ్మ రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టారు, 1957 నుంచీ మలయాళంలో పాడారు. సాహిత్యం తెలుగు లిపిలో రాసుకుని పాడేవారు. బాబురాజ్ ఆమెకిచ్చిన పాటలు వింటే మలయాళం ఆమె పుట్టు భాష కాదంటే ఎవరూ ఒప్పుకోరు. ‘ఓప్పోళ్’లో పాటకు జాతీయ అవార్డు తెచ్చుకున్నారు కూడా. ఆమె గురించి వేరే చర్చ పెట్టాలి, ఇక్కడ ఇమడదు.

జయచంద్రన్ దగ్గరికి వద్దాం. తాను ఆరాధించిన గాయనితో కలిసి పాడే అదృష్టం ఆయనకు దొరికింది. 1970లో ‘వాళ్వే మాయం’లో ‘సీతాదేవి స్వయంవరం చెయ్తొరు’ అని యుగళగీతం ఉంది, దేవరాజన్ మాస్టారి బాణీయే. ఆయనకు అప్పటికి పాతికేళ్ల పైచిలుకు, సుశీలమ్మ దక్షిణాదిలోనే అగ్రస్థానంలో ఉన్నారు. మీరు వాణి గారి పాటలో గమనించారే, ఆయన తగ్గి పాడటం, అది ఈ పాటలోనే నాకు వినిపిస్తుంది. తగ్గడమంటే గొంతు దాచుకోవడం కాదు. ఆమె వదిలిన భావం ఎక్కడ ఆగిందో అక్కడ నుంచి అందుకుంటారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చరణం చివర ఆమె ముగించి ఆయన మొదలుపెట్టే చోటు రెండు మూడుసార్లు వినండి.

ఇక మీ మొదటి ప్రశ్న, ఎక్కడ మొదలుపెట్టాలని. నా సలహా సంవత్సరాల వారీగా వద్దు. ఇప్పుడు ‘రాగం శ్రీరాగం’ వినండి, వెంటనే ‘శివశంకర’ వినండి. తర్వాత ‘చంద్రకాంతం’లోని ‘రాజీవనయనే నీయురంగూ’ వినండి, అది రాత్రిపూట పాట. ఆఫీసు బస్సులో వినకండి. మలయాళం చదవడం నేర్చుకుంటే ఆయన ఆత్మకథ ‘ఏకాంతపథికన్ ఞాన్’ ఉంది, మీ టీమ్ ఆయన దగ్గర తప్పకుండా ఉంటుంది, అడిగి చూడండి. వీలైతే ఒక ఆదివారం చేందమంగళం వెళ్లి రండి, కొచ్చి నుంచి పరవూర్ మీదుగా బస్సులున్నాయి. ఆయన అంత్యక్రియలు అక్కడే, పాలియం ఇంటి ఆవరణలోనే జరిగాయి.

‘సీతాదేవి’ పాట వినగానే ఎలా ఉందో ఇక్కడ రాయండి. హంసధ్వని గారూ, మీరు కూడా వినాలి.

హంసధ్వని:

వింటాను. ‘రాగం శ్రీరాగం’ ఇప్పుడే మొదటిసారి విన్నాను. రాగం మారే చోట్ల మాట ఎక్కడా తెగలేదు. కచేరీ చేసేవాళ్లకు కూడా అది అంత తేలిక కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. యేసుదాసు గారి విషయంలో నా అభిప్రాయం మాత్రం మారలేదు.

గంటస్తంభం:

మారనవసరం లేదండీ. జానకమ్మ చర్చ మీరే మొదలుపెట్టండి, నేను బాబురాజ్ పాటల పట్టికతో వస్తాను.